ఉడుతకు నలభై ఒకటి, పురుగుకు నలభై ఒకటి

జాడి లింగుబాయి అటవీశాఖ రేంజి ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తులో ఉన్నది ఒక్కటే కోరిక. మద్దిచెట్ల మీద తాను పెంచుకుంటున్న దసలి పట్టుపురుగులను ఉడుతలు తినిపోతున్నాయి, కాబట్టి చెట్ల మీద కప్పడానికి రెండు వలలు ఇప్పించండి. ఇంతే. దాన్ని రాసిపెట్టినాయన మాత్రం ఊరికే ఉండలేకపోయాడు. దరఖాస్తు అన్నాక కొంత బరువుండాలని ‘విషయం’ అనే చోట ‘చిన్న ఉడుత మరియు దసలి రెక్కల పురుగు గురించి’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. లింగుబాయి కొంప ముంచింది ఆ రెండు గీతలే.

ఎందుకంటే సరిగ్గా ఆ నెలలోనే పైనున్నవాళ్లకు చిన్న ప్రాణుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పులులకూ ఏనుగులకూ ఇప్పటికే చాలా చేసేశామనీ, ఇక చిన్నవాటి వంతు వచ్చిందనీ వాళ్లకు తోచింది. తోచిందే తడవుగా ‘ఒక రేంజి, ఒక చిన్న ప్రాణి’ అనే పథకం, దాన్ని నడపడానికి చిన్న ప్రాణుల సంరక్షణ మండలి, ఆ మండలి కూర్చోవడానికి చల్లటి గదులు ఏర్పడ్డాయి. ప్రతి రేంజి తన అడవిలోంచి రెండు చిన్న ప్రాణులను ఏరి, పక్కపక్కన నిలబెట్టి, పోల్చి, మార్కులు వేసి, వాటిలో ఒకదాన్ని సంరక్షించాలి. ఒకదాన్నే. రెంటినీ సంరక్షిస్తే దుబారా కిందికి వస్తుందని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. పదిరోజుల్లో పేర్లు పంపని రేంజి ఆఫీసర్లు సంజాయిషీ ఇచ్చుకోవలసి ఉంటుందనీ ఉంది.

ఎర్రవాగు రేంజి ఆఫీసర్ పురాణం విద్యాసాగర్ గారికి అడవి అంటే ఎంత గౌరవమంటే, దాన్ని కాళ్లతో తొక్కడం ఇష్టంలేక ఎన్నడూ లోపలికి వెళ్లలేదు. అందులో ఏ చిన్న ప్రాణులు ఉంటాయో ఆయనకు బొత్తిగా తెలియదు. దోమ పేరు రాద్దామా అని తొమ్మిదో రోజు దాకా ఆలోచించాడు. పదో రోజు పొద్దున టపాలోంచి లింగుబాయి దరఖాస్తు తీసి, ‘విషయం’ దాకా చదివి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండు ప్రాణులు! అదీ ప్రజల వైపునుంచి వచ్చిన ప్రతిపాదన! కింద ఏముందో చదివే తీరిక ఆయనకు లేదు. గడువు సాయంత్రం ఐదింటికి.

ఈ కబురు మోసుకుని బీట్ ఆఫీసర్ గజ్జెల నర్సింగం వాగు ఒడ్డుకు వచ్చేసరికి లింగుబాయి చెట్ల కింద రాళ్లు విసిరే వడిసెల తిప్పుతోంది.

"అక్కా, నీ దరఖాస్తు మంజూరైంది" అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

"వలలు అచ్చినయా తమ్మీ?"

"వలలు రాలే. కమిటీ అచ్చింది."

ఆ వాగు ఒడ్డున రెండు వందల మద్దిచెట్లు మూడు తరాలుగా లింగుబాయి అత్తగారింటివాళ్ల చేతిలో ఉన్నాయి. చెట్లు సర్కారువి, పురుగులు వీళ్లవి. తొలకరి పడ్డాక పురుగులను చెట్లకు ఎక్కిస్తారు. బొటనవేలంత లావెక్కే ఆకుపచ్చ పురుగులు అవి. ముప్పై ఐదు నలభై రోజులు ఆకు తిని, కొమ్మకు వేలాడుతూ తమ చుట్టూ తామే గట్టి గూడు అల్లుకుంటాయి. అదే పట్టుకాయ. ఆ నలభై రోజులూ మొగుడూ పెళ్లాలు చెట్ల కింద ఉండి పిట్టలనూ ఉడుతలనూ తోలాలి. కాయ అయ్యాక మూడు వారాల లోపల తెంపి ఆవిరి పట్టాలి. ఆలస్యమైతే లోపలిది రెక్కలు కట్టుకుని గూడు చీల్చుకుని బయటికి వస్తుంది. బొక్క పడ్డ కాయలోంచి దారం తెగకుండా రాదు, సాలెవాళ్లు దాన్ని చేత్తో కూడా ముట్టరు. లింగుబాయి ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి మీద ఏది ఉడకాలన్నా ముందు ఆ కాయ ఉడకాలి.

కమిటీ మర్నాడే ఆఫీసులో కొలువు తీరింది. మండలి నుంచి డాక్టర్ సుధేష్ణ అనే ఆవిడ వచ్చింది. తులనాత్మక వర్గీకరణలో ఆవిడ పండితురాలు. దేన్నయినా సరే దేనితోనైనా సరే పోల్చగలదని పేరు. లింగుబాయిని ‘ప్రతిపాదకురాలు’ అన్నారు గనుక బల్ల మీద కూచోబెట్టి టీ కూడా ఇచ్చారు. సర్కారు ఆఫీసులో తనకు టీ ఇచ్చారంటే ఏదో పెద్ద నష్టమే జరగబోతోందని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది.

"ప్రాణుల మదింపు నమూనా ఇదిగో" అంటూ డాక్టర్ ఎనిమిది పేజీల కాగితం తీసింది. "మొత్తం వంద మార్కులు. నమూనా పులికోసం తయారైంది. చిన్న ప్రాణులకు ప్రత్యేకంగా అచ్చువేయాలంటే టెండర్లు పిలవవలసి ఉన్నందున, అంతవరకు ‘పులి’ అన్న చోట కొట్టివేసి వాడుకోవలసిందిగా మండలి ఆదేశం."

నర్సింగం కొట్టివేశాడు. ఎనిమిది పేజీల్లో ఇరవై రెండు పులులు ఉన్నాయి.

"మొదటి అంశం. గర్జన."

"ఉడుత కిచకిచ అంటది మేడం" అన్నాడు నర్సింగం.

"తగుమాత్రపు గర్జన అని నమోదు చేయండి" అన్నాడు విద్యాసాగర్. "పురుగు?"

"దానికి సప్పుడే లేదు సారూ" అంది లింగుబాయి.

ఉడుతకు మూడు, పురుగుకు సున్నా. తరువాతి అంశం చారలు. వీపు మీద మూడు చారలున్నాయి కాబట్టి ఉడుతకు పదికి పది. పురుగుకు చారలు లేవు గానీ రెక్కల మీద కళ్లలాంటి మచ్చలు నాలుగు ఉంటాయని లింగుబాయి చెప్పింది. అసలు కళ్లు రెండు, రెక్కల మీదివి నాలుగు, వెరసి ఆరు అని నర్సింగం లెక్కవేశాడు.

"ఆరు కళ్లుండి కూడా తనను తాను కాపాడుకోలేని ప్రాణిలో బాధ్యతారాహిత్యం కనిపిస్తోంది" అన్నాడు విద్యాసాగర్, బాధగా. పురుగుకు రెండు మార్కులు కోసేశారు.

"ఆహారం" అంది డాక్టర్. "శాకాహారియా, మాంసాహారియా?"

"ఉడుత పండ్లు తింటది, కాయలు తింటది, నా పురుగులను గుడ తింటది" అంది లింగుబాయి, ఎలాగైనా తన గోడు చెప్పుకుందామని. "గందుకే సారూ వలలు..."

"సర్వాహారి" అని రాసుకుంది డాక్టర్. "మరి రెక్కల పురుగు?"

"అది ఏం తినది. రెక్కలచ్చినంక దానికి నోరే పని చెయ్యది. తినది, తాగది, నాలుగైదు రోజులుండి సచ్చిపోతది."

విద్యాసాగర్ పెన్ను కింద పెట్టాడు.

"నిరాహారమా? ఎవరికి వ్యతిరేకంగా? డిమాండ్లు ఏమిటి?"

"డిమాండ్లు లేవు సారూ. దాని పుట్టుకే గంత."

అయినా శాంతిభద్రతల రీత్యా పోలీసు స్టేషనుకు ఒక ముక్క రాసి పెట్టడం మంచిదని ఆయన నోట్ చేసుకున్నాడు. డాక్టర్ మాత్రం సంబరపడింది. సంరక్షణలో మేతకయ్యే ఖర్చు అనే అంశం ఒకటుంది. మేతే అక్కర్లేని ప్రాణి ఇంతవరకూ మండలికి దొరకలేదు. పురుగుకు పదిహేనుకు పదిహేను.

అసలు తగువు వర్గీకరణ దగ్గర వచ్చింది. గుడ్డు, పురుగు, కాయలో ఉన్నది, రెక్కలున్నది, ఈ నాలుగూ నాలుగు ప్రాణులా ఒకటా అన్నది తేలలేదు. నమూనాలో ప్రాణికి ఒక గడే ఉంది. పుట్టినప్పుడు పులి, చచ్చేటప్పుడూ పులి.

"అన్నీ ఒకటే మేడం. అదే ఇది, ఇదే అది" అంది లింగుబాయి.

"ఒకటే అని మీరంటే చాలదమ్మా" అన్నాడు విద్యాసాగర్ ఓపిగ్గా. "మొదట ఒక పేరు, తరువాత ఇంకో పేరు, రూపురేఖలు వేరు, చిరునామా వేరు. పేరు మార్చుకున్నట్టు గెజెట్‌లో ప్రకటన ఉండాలి. ఉందా?"

లేదు. ఉడుత పక్షాన చూస్తే, అది పుట్టుకతోనే ఉడుత, నేటికీ ఉడుతే. స్థిరమైన నడవడికకు దానికి ఎనిమిది మార్కులు. కానీ పురుగుకు సొంత గూడుంది, అంటే నివాస ధ్రువీకరణ ఉంది. ఉడుత ఎప్పుడు ఏ చెట్టు మీద ఉంటుందో చెప్పలేం. ఇలా ఒకటి ఎక్కితే ఒకటి దిగుతూ మధ్యాహ్నం భోజనాల వేళ దాకా సాగింది. చివరి అంశం జనాభా. కమిటీ కిటికీలోంచి చూస్తే చింతచెట్టు మీద ఒక ఉడుత కనిపించింది. ఉడుతలు: ఒకటి, ప్రత్యక్షంగా లెక్కించబడినది.

"రెక్కల పురుగులు?"

"ఇప్పుడేడుంటయి మేడం? ఇప్పుడన్నీ చెట్ల మీద పురుగులే."

"అంటే సున్నా!" డాక్టర్ సుధేష్ణ కళ్లు మెరిశాయి. "ఈ రేంజిలో పూర్తిగా అంతరించిపోయిందన్నమాట. అద్భుతం. అంతరించినదానికి పూర్తి మార్కులు."

కూడి చూస్తే ఉడుతకు నలభై ఒకటి, పురుగుకు నలభై ఒకటి.

మార్కులు సమానమైతే ఏం చేయాలో కూడా ఉత్తర్వులోనే ఉంది. మండలి తుది నిర్ణయం వచ్చేదాకా రెంటికీ తాత్కాలిక సంరక్షణ. విద్యాసాగర్ లేచి నిలబడి చదివాడు. నేటినుంచి ఎర్రవాగు రేంజిలో ఎవరూ ఉడుతను కొట్టరాదు, తరమరాదు, అదిలించరాదు, దాని మనసు నొచ్చుకునేలా చప్పట్లు చరచరాదు. అలాగే పురుగును గానీ, దాని గూటిని గానీ తెంపరాదు, ఉడికించరాదు. లింగుబాయి చదివినదంతా విని, బల్ల మీది నుంచి లేచింది.

"మరి ఉడుత పురుగును తింటే సారూ?"

విద్యాసాగర్ డాక్టర్ వైపు చూశాడు. డాక్టర్ కాగితాల వైపు చూసింది.

"అది ఆ రెండు ప్రాణుల అంతర్గత వ్యవహారం" అన్నాడు విద్యాసాగర్. "శాఖ జోక్యం చేసుకోదు."

లింగుబాయి భర్త భీమయ్య తక్కువ మాటల మనిషి. వడిసెల తిప్పడంలో మాత్రం చుట్టుపక్కల అంత గురి ఉన్నవాడు లేడు. ఆ వడిసెలను గుడిసె చూరులో దోపి, మోకాళ్లు పట్టుకుని చెట్టు కింద కూచున్నాడు. ఉడుతలకు సంగతి అర్థం కావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మూడో రోజుకల్లా వాగు అవతలి ఉడుతలు కూడా చుట్టపుచూపుగా వచ్చేశాయి. తలకిందులుగా వేలాడుతూ, తోకలు ఊపుతూ, లావాటి పురుగును రెండు చేతులా పట్టుకుని మొక్కజొన్న కంకి కొరికినట్టు కొరికి తింటుంటే మొగుడూ పెళ్లాలు చూస్తూ కూచున్నారు. అరిస్తే నేరం. అందుకని లింగుబాయి ఉడుత వైపు చూడకుండా, వాగు వైపు తిరిగి, ఊళ్లో తనకు తెలిసిన తిట్లన్నీ తిట్టింది. ఆ తిట్లు ఎవరికి తగిలినా ఆమెకు అభ్యంతరం లేదు.

"ఉడుత గారూ, జర దయ సూపుండ్రి" అని భీమయ్య ఒకసారి దండం కూడా పెట్టాడు. వారం రోజుల్లో అతను మాట్లాడింది అదొక్కటే.

పురుగులు కాయలు అల్లే నాటికి మూడోవంతు పంట ఉడుతల పాలైంది. మిగిలినవి నాలుగు వేల పైచిలుకు కాయలు. ఇప్పుడు ఉడుతలు ఆ కాయలను కూడా కొరకడం మొదలుపెట్టాయి. నర్సింగానికి ఇది చూడబుద్ధి కాలేదు. అతనికి మనసులో ఉన్నది వలలు తెప్పించాలనే. కానీ రిపోర్టు చదివేవాళ్లకు తెలిసిన భాషలోనే రాయాలి గదా. ‘సంరక్షిత ప్రాణి నివాసంలోకి మరొక సంరక్షిత ప్రాణి అక్రమంగా చొరబడుచున్నది’ అని రాసి పంపించాడు.

ఆఫీసు చకచకా కదిలింది. ముందుగా ఉడుతకు నోటీసు. నీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో వారంలోగా తెలుపవలసింది అని రాసి, మైదా జిగురుతో మద్దిచెట్టుకు అతికించారు. మైదా ఉడుతలకు నచ్చింది. జిగురంతా నాకేసరికి నోటీసు ఊడి కింద పడింది. ‘నోటీసు స్వీకరించబడినది’ అని నమోదు చేశారు. వారంలోగా జవాబు రాలేదు కాబట్టి ఉడుతకు చెప్పుకోవడానికేమీ లేదని తేలింది. అయితే సంరక్షిత ప్రాణిని శిక్షించరాదు. కనుక దెబ్బలు తింటున్నదాన్నే అక్కణ్నుంచి తరలించడం శ్రేయస్కరమని విద్యాసాగర్ నిర్ణయించాడు.

"కాయలన్నిటినీ రక్షణార్థం ఆఫీసు కస్టడీకి తీసుకుంటున్నాం" అని లింగుబాయికి చెప్పాడు.

"తెంపద్దంటిరి గద సారూ?"

"మీరు తెంపితే నేరం. శాఖ తరఫున తెంపితే విధి నిర్వహణ."

శాఖలో పట్టుకాయ తెంపడం వచ్చినవాళ్లు ఎవరూ లేరు. అందుచేత లింగుబాయే, భీమయ్యే శాఖ తరఫున చెట్లెక్కి, కొమ్మ తొడిమతో సహా ఒక్కొక్క కాయ కోసి, పన్నెండు గంపలకెత్తి, తమ పంటను తామే మోసుకెళ్లి అప్పగించారు. తాళం సరిగ్గా పడేది ఒక్క రికార్డు గదికే గనుక గంపలను అక్కడ, ఫైళ్ల మధ్య పెట్టారు. సంతకం పెట్టించుకుని చీటీ ఇచ్చారు. చీటీలో ‘సంరక్షిత ప్రాణులు, నాలుగు వేల నూట పన్నెండు, ఆరోగ్యం బాగున్నది’ అని ఉంది.

అప్పటినుంచి లింగుబాయి రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడిచి ఆఫీసుకు వచ్చేది. కస్టడీలో ఉన్న ప్రాణికి పూట పూటా మేత పెట్టాలని నిబంధన ఉంది. ఈ ప్రాణి తినదని ఎంత చెప్పినా, తినకపోవడం దాని ఇష్టం, పెట్టకపోవడం మన తప్పు అవుతుందని విద్యాసాగర్ ఒప్పుకోలేదు. రోజూ ఒక డజను అరటిపళ్లు రికార్డు గదిలో పెట్టేవారు. మూడో రోజు చింతచెట్టు మీది ఉడుత కిటికీ ఊచల్లోంచి దూరి పళ్లు తినడం మొదలుపెట్టింది. దాన్ని ‘స్వచ్ఛందంగా విచారణకు హాజరైనది’ అని రాశారు. పోల్చవలసిన ప్రాణులు రెండూ ఒకే గదిలో దొరికాయని డాక్టర్ సుధేష్ణ ఎంతో పొంగిపోయింది. నిర్ణయానికి సంబంధించిన ఉత్తర ప్రత్యుత్తరాలతో ఫైలు జానెడు మందం అయింది.

లింగుబాయి ఫైలు వైపు చూసేది కాదు. గంపలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి వినేది. లోపలిది బరువుగా దొర్లుతున్నంత కాలం భయం లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఒక కాయ కొస తడిగా తగిలింది. లోపలిది గూటిని నానబెట్టుకుంటోందన్నమాట.

విద్యాసాగర్ అప్పుడే జీపు ఎక్కుతున్నాడు. ఉడుత, పురుగుల పోలికపై మండలిలో ఆయన ఉపన్యాసం ఉంది.

"సారూ, మీ కాళ్లు మొక్కుత. ఇయ్యాల పొద్దుగూకితే రెక్కలొస్తయి. కాయలు నాకియ్యుండ్రి. ఒక్క పూటల ఆవిరి పట్టుకుంట. గది తాళమన్న ఇయ్యుండ్రి."

"మీ ఆవేదన నాకు అర్థమైంది. ఫైలు కదలికలో ఉంది" అన్నాడు విద్యాసాగర్. "రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం, సోమవారం పండుగ సెలవు. మంగళవారం సానుకూలంగా పరిశీలిద్దాం."

"వాటికి సెలవులు తెల్వయి సారూ!"

జీపు వెళ్లిపోయింది. తాళంచెవి ఆయన జేబులో వెళ్లిపోయింది. నర్సింగం ఇంకో తాళంచెవి కోసం బీరువాలన్నీ వెతికాడు, దొరకలేదు. తాళం పగలగొడదామా అని సుత్తి కూడా తెచ్చాడు గానీ, సర్కారు తాళం మీద సుత్తి ఎత్తడానికి పద్నాలుగేళ్ల సర్వీసు అడ్డం వచ్చింది. సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లింగుబాయి తనను నాలుగు తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

మంగళవారం పదిన్నరకు తలుపు తెరుచుకుంది.

గది గోడలు కనిపించలేదు. గోడల నిండా, ఫ్యాను రెక్కల మీద, క్యాలెండరు మీద, బీరువాల మీద, మనిషి అరచేతంత రెక్కలు విప్పుకుని అవే. ఎర్రమట్టి రంగువి, పసుపు రంగువి. మగవి చాలావరకు నేల రాలాయి. ఆడవి రెక్కలు మెల్లగా ఆడిస్తూ ఇంకా గుడ్లు పెడుతున్నాయి. ఉడుత ఒక మూల అరటితొక్కల మధ్య నోరు తెరుచుకుని కూచుంది. అంత తిండిని ఒక్కసారి చూసేసరికి దానికి కూడా ఏం చేయాలో తోచినట్టు లేదు.

లింగుబాయి గంపల దగ్గరికి వెళ్లింది. ఒక కాయ తీసింది, పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. ప్రతి కాయకూ కొసన బొక్క ఉంది. పది కాయలు చూశాక ఇక చూడలేక గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండు నెలల కష్టం, ఎండా వానా, ఉడుతల ముందు చేతులు కట్టుకుని కూచున్న రోజులు, అన్నీ ఆ బొక్కల్లోంచి ఎగిరిపోయాయి. భీమయ్య ఆమె పక్కన కూచుని వీపు మీద చెయ్యి వేశాడు.

వాళ్ల తలల మీదుగా విద్యాసాగర్, డాక్టర్ సుధేష్ణ లోపలికి చూసి, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపేశారు.

"మొన్నటి దాకా సున్నా!" అన్నాడు విద్యాసాగర్. "ఇవాళ నాలుగు వేల నూట పన్నెండు! మూడు సెలవు రోజుల్లో అంతరించిన ప్రాణిని వెనక్కి తెచ్చిన రేంజి దేశంలో ఇంకొకటి ఉందా? నర్సింగం, ఫైలు పట్టుకురా. ఇప్పుడే రిపోర్టు రాయాలి."

నర్సింగం ఫైలు దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు. సంతకాల కోసం ఆరు ప్రతులుగా బల్లంతా పరిచిన కాగితాల మీద, ఫైలు అట్ట మీద, మార్కుల నమూనాల మీద, వేల గుడ్లు. జొన్నగింజలంత ఉన్నాయి. జిగురుతో గట్టిగా అంటుకుని ఉన్నాయి.

"దులిపేయ్" అన్నాడు విద్యాసాగర్.

"ఆగండి!" అంది డాక్టర్. "పదిహేడో నిబంధన. సంరక్షిత ప్రాణి గుడ్లను అధికారులు తాకరాదు, కదపరాదు, అవి ఉన్న ఆశ్రయాన్ని తెరవరాదు, మూయరాదు."

"ఆ ఆశ్రయం మన ఫైలండీ!"

"ఇప్పుడది గూడు."

విద్యాసాగర్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫైలు తెరవకుండా రిపోర్టు రాయలేడు. పాత ఫైలు నంబరు లేకుండా కొత్త ఫైలు తెరవలేడు. సరే, పిల్లలు అయ్యేదాకా ఆగుదాం అనుకున్నాడు.

"పిల్లలైనంక ఏం తింటయి సారూ?" అని గడప మీంచే అడిగింది లింగుబాయి, కళ్లు తుడుచుకుంటూ. "తొమ్మిదొద్దులల్ల పగులుతయి. పగిలిన పూటకు మద్దాకు దొరకాలె. ఈడ మీ కాయిదాలు తప్ప ఏమున్నది? అన్నీ సస్తయి."

"సస్తయి అంటే?" అన్నాడు విద్యాసాగర్.

"కస్టడీలో మరణాలు" అంది డాక్టర్ సుధేష్ణ, నెమ్మదిగా. "వేలల్లో. విచారణ సంఘం వేస్తారు."

ఆయన గడప దాకా వచ్చి, లింగుబాయి ముందు గొంతుక్కూచున్నాడు. ఆయన అలా ఎవరి ముందైనా కూచోవడం నర్సింగం చూడటం అదే మొదలు.

"అమ్మా, వీటిని మీరు తీసుకెళ్లండి."

"ముట్టుకుంటే నేరం గద సారూ."

"నిబంధన అధికారులు తాకరాదంటోంది. మీరు అధికారి కాదు."

లింగుబాయి లేచి నిలబడి, ముక్కు చీది, బల్ల మీది కాగితాలను, ఫైలును, గుడ్లను తేరిపార చూసింది. ఏడుపులోంచి ఆమె బుర్ర అప్పుడే పనిలోకి దిగింది. తొలి పంట పోయింది. రెండో పంటకు విత్తనం కళ్లముందు ఉంది. మామూలుగా విత్తనం గుడ్లకోసం అరవై కిలోమీటర్లు పోయి, వరసలో నిలబడి బతిమాలుకోవాలి. ఇక్కడ ఊరంతటికీ సరిపోయేన్ని ఉన్నాయి.

"కొండవోతె అన్నీ కొండవోత. గుడ్లు గీకితే పలుగుతయి. కాయిదాలతోనే కొండవోవాలె."

"తీసుకెళ్లేది ఫైలుతో సహానా?"

"ఫైలు మీదనే ఎక్కువున్నయి సారూ."

విద్యాసాగర్ కళ్లు మూసుకుని తల ఊపాడు. పోలిక కాగితాలు, మార్కులు, తాత్కాలిక సంరక్షణ ఉత్తర్వు అసలు ప్రతి, ఉడుత సంతకం లేని నోటీసు నకలు, అన్నీ లింగుబాయి గంపలోకి ఎక్కాయి. భీమయ్య గంప నెత్తిన పెట్టుకుని, గేటు దాటాక, చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు.

"ఉడుతలను కొట్టద్దన్న కాయిదం గుడ గీ గంపలనే ఉన్నదా?"

"గంపలనే ఉన్నది."

భీమయ్య నడక కొంచెం వేగం పుంజుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున వాగు ఒడ్డున మద్దిచెట్లకు కాగితపు దొన్నెలు వేలాడుతున్నాయి. గుడ్లున్న కాగితాన్ని దొన్నెలా మడిచి, ముల్లు గుచ్చి, లేతాకుల పక్కన కట్టారు. ఊళ్లో ఇంకో పదిళ్లవాళ్లకు కూడా లింగుబాయి తలా ఇన్ని పేజీలు పంచింది. గుడ్లు పగిలి, చీమంత పురుగులు ‘గర్జన’ మీదుగా, ‘చారలు’ మీదుగా పాక్కుంటూ వెళ్లి ఆకు అంచు పట్టుకున్నాయి. వాటిని చూస్తుంటే లింగుబాయికి కడుపు నిండింది. ఈ పంట చేతికొస్తుంది. వస్తుందని ఆమె గట్టిగా నమ్మింది.

సరిగ్గా అప్పుడే నర్సింగం సంచి తగిలించుకుని వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"అక్కా, మండలి నుంచి తాకీదు అచ్చింది. ఉడుత, పురుగు, రెంట్ల దేన్ని ఎంపిక చేసిన్రో ఫైలుతోటి సహా వెంటనే తెలుపాల్నట. సారు ‘ఫైలు చిన్న ప్రాణి పరిశీలనలో ఉన్నది’ అని రాసిండు. వాళ్లు ఒప్పుకోలే. ఏం జెయ్యాలె?"

లింగుబాయి చూపు కొమ్మ మీద ఉంది. వీపు మీద మూడు చారలతో, బాగా బలిసిన ఉడుత ఒకటి తోక ఊపుతూ దొన్నెవైపు నడుస్తోంది. భీమయ్య వడిసెల తీశాడు. కానీ రాయి వేస్తే లేత పురుగులు రాలిపోతాయి. మెత్తటిదేదైనా కావాలి.

"ఆ కాయిదం ఇటు తే" అంది లింగుబాయి.

నర్సింగం ఇచ్చాడు. ఆమె దాన్ని వాగు నీళ్లలో ముంచి, పిండి, నిమ్మకాయంత ఉండ చేసి మొగుడి చేతిలో పెట్టింది. వడిసెల గిర్రున తిరిగింది. ఉండ ఉడుతకు జానెడు దూరంలో కొమ్మకు తగిలి చప్పుడైంది. ఉడుత ఒక్క గెంతులో పక్క చెట్టుకు దూకి, అక్కడ ఆగి, మళ్లీ ఇటే చూడసాగింది.

"ఇంకో కాపీ ఉన్నదా తమ్మీ?"

"ఇంక రెండున్నయక్కా" అన్నాడు నర్సింగం, సంచి మూతి విప్పుతూ.